చెప్పుల సింహాసనం

ఒకానొక రాజ్యంలో రాజుగారితో పాటు రాజుగారి చెప్పులకు కూడా ఒక సింహాసనం ఉండేది. కోట గుమ్మం ముందు, పట్టు గొడుగు కింద, వెండి పీట మీద ఆ పాదుకలు కొలువుతీరి ఉండేవి. ఆ దారిన పోయేవాళ్ళు ఎవరైనా సరే సాగిలపడి మొక్కాలి. ఎద్దులకు మాత్రం మినహాయింపు. వాటి అదృష్టం అది.

రాజు పేరు వీరకేసరి భూపతి. మరీ చెడ్డవాడేమీ కాదు. చెరువులు తవ్వించాడు, దొంగల భయం లేకుండా చేశాడు. కానీ పొగడ్తలు తలకెక్కాయి. ప్రజలు నమస్కారం పెడితే చాలేది కాదు, దేవుడికి మొక్కినట్టే మొక్కాలని పట్టుబట్టాడు.

ఆ కొలువులో ఇన్నాసయ్య అనే హాస్యగాడు ఉండేవాడు. కోటకు అవతల, తాటాకు కప్పిన గుడి చుట్టూ ఉన్న కిరస్తానీల పేట అతనిది. అతను నోరు తెరిస్తే రాజు కడుపు పట్టుకుని నవ్వేవాడు, నవ్వినప్పుడల్లా ఒక శాలువా కప్పేవాడు. మరి పాదుకల సంగతి ఏం చేసేవాడంటారా? రోజూ దొడ్డి గుమ్మంలోంచి వచ్చేవాడు. వంటశాల వాసనలంటే తనకు ప్రాణమని అందరికీ చెప్పేవాడు. అందరూ నమ్మారు.

అతని చిన్ననాటి స్నేహితుడు చిన్నప్పకు మాత్రం ఇలాంటి తెలివి లేదు. చిన్నప్ప ఆ పేటకు ఉపదేశి. గురువుగారు ఊళ్ళో లేనప్పుడు జనానికి ప్రార్థనలు నేర్పేవాడు. కోతల రోజుల్లో రాజభాగం ధాన్యం గంపకెత్తుకుని తిన్నగా పెద్ద గుమ్మానికే వచ్చాడు. భటులు మొక్కమన్నారు. అతను గంప దించి, నిలబడే రెండు చేతులూ జోడించాడు.

"అయ్యా, పన్ను తెచ్చాను. పిలిస్తే పనికీ వస్తాను. రాజుగారు చల్లగా ఉండాలని పూటపూటా ప్రార్థిస్తాను. ఆయనకు అధికారం ఇచ్చింది దేవుడే. ఇచ్చినవాడికి మొక్కుతాను గానీ, పుచ్చుకున్నవాడి చెప్పులకు మొక్కలేను."

ఇంకేముంది, కాళ్ళకు సంకెళ్ళు వేసి చెరలో పడేశారు. మొక్కిన రోజున వదలమని రాజు ఆజ్ఞ.

ఇన్నాసయ్య ఊరుకోలేదు. ఊరుకుంటే కొంత నయమేమో! సభలో లేచి, "ప్రభూ, వాడికి పుట్టుకతోనే నడుము వంగదు. పెళ్ళిలో తాళి కట్టడానికి కూడా పిల్లనే బల్ల ఎక్కించాం" అన్నాడు. రాజు పడీపడీ నవ్వి శాలువా కప్పాడు. చిన్నప్ప చెరలోనే ఉన్నాడు. మరోసారి ఇంకో చమత్కారం, మళ్ళీ నవ్వు, మళ్ళీ శాలువా. చిన్నప్పకు దగ్గు పట్టుకుంది. ఇనుము ఒరుసుకుని చీలమండల దగ్గర పుళ్ళు పడ్డాయి.

ఒకనాడు ఇన్నాసయ్య చూడబోతే, "ఏరా ఇన్నాసీ, రాజుగారిని బాగా నవ్విస్తున్నావటగా?" అని అడిగాడు చిన్నప్ప. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే సంతోషించి అడిగాడు. ఇన్నాసయ్యకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఇంతలో ఈస్టరు పండుగ దగ్గర పడింది. పండుగ ముందు గురువారం నాడు గుళ్ళో పన్నెండుమందికి కాళ్ళు కడుగుతారని ఎవరో రాజు చెవిన వేశారు. రాజుకు తెలిసిన ఆచారం వేరు. పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడుగుతారు, మఠంలో గురువు కాళ్ళు కడుగుతారు. కడిగించుకున్నవాడే గొప్పవాడు.

"నా రాజ్యంలో నాకంటే ముందు ఇంకొకడి కాళ్ళు కడగడమా!" అని మండిపడ్డాడు. ఆ గురువారం మహారాజావారు స్వయంగా వేంచేసి ఆ వేడుకలో అగ్రస్థానం అలంకరిస్తారని ఊరూరా చాటింపు వేయించాడు. ఆ తరువాతే సభలో ఇన్నాసయ్యను పిలిచి, "మీ గుళ్ళో నా పీట ఎక్కడ వేస్తారు?" అని అడిగాడు.

ఇన్నాసయ్య చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఒక చిన్న సందేహం. ఆ పీటల మీద కూర్చునేది ఊళ్ళో దిక్కులేనివాళ్ళు. కుంటివాడు, బిచ్చగాడు, ఖైదీ, అలాంటివాళ్ళు. వంగి కాళ్ళు కడిగేవాడిదే ప్రభువు స్థానం. మా స్వామి తన శిష్యుల కాళ్ళు కడిగాడు. అప్పటినుంచీ మాకు ఇదే ఆచారం. తమకు బిచ్చగాడి పక్కన పీట వేయించమంటారా, ప్రభువు చెంబు చేతికిమ్మంటారా?"

చాటింపు వేసేశారు, వెనక్కి తీసుకునే వీలు లేదు. రాజు మీసం దువ్వుకుని, చివరికి, "ప్రభువు స్థానం నాదే! చెంబే తీసుకుంటాను" అన్నాడు.

"చిత్తం. పేటలో ఖైదీ ఎవరూ లేరు ప్రభూ. తమ చెరలో ఒకడున్నాడు."

రాజు అతనికేసి గుర్రుగా చూశాడు గానీ, కాదనలేకపోయాడు.

గురువారం గుడి కిక్కిరిసిపోయింది. రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, చెంబు పట్టుకుని వంగాడు. మొదట హుషారుగానే ఉన్నాడు. కుంటివాడి కాలి మీద నీళ్ళు పోస్తూ పరాచికాలాడాడు కూడా. చివరి పీట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ చీలమండల చుట్టూ చర్మం లేదు.

కాసేపటికి తేరుకుని, తన దర్పం నిలబెట్టుకోవడానికన్నట్టు, "ఏమయ్యా, నాకు మొక్కనన్నావు. ఇప్పుడు నేనే నీ కాళ్ళ దగ్గర ఉన్నాను. ఎలా ఉంది?" అన్నాడు.

"సిగ్గుగా ఉంది మహారాజా" అన్నాడు చిన్నప్ప. "మనిషన్నవాడు తట్టుకునే మర్యాద కాదు ఇది. తమరు ఇన్నేళ్ళు ఎలా భరించారో!"

రాజు పకపకా నవ్వాడు. గుడంతా నవ్వింది. కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. రాజు తల వంచుకుని, ఆ కాళ్ళను తన పై ఉత్తరీయంతో మెల్లగా అద్దాడు. చిన్నప్ప చెయ్యెత్తి, చెరలో రోజూ చేసినట్టే, రాజుగారి క్షేమం కోసం ప్రార్థన చేశాడు.

బయటికి వచ్చాక రాజు ఎప్పటిలాగే ఇన్నాసయ్యకు శాలువా కప్పి, "గెలిచావయ్యా!" అన్నాడు. ఆ తరువాత గొంతు తగ్గించి, "ఆ పుళ్ళ సంగతి నీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు ప్రభూ."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయినప్పుడల్లా తమరు నవ్వేవారు. తమరు నవ్వితే నాకు శాలువా వచ్చేది."

రాజు ఆ మాటకు నవ్వలేదు. ఇన్నాసయ్య శాలువా తీసి, లోపలికి వెళ్ళి చిన్నప్ప కాళ్ళకు కప్పి వచ్చాడు.

మర్నాడే చిన్నప్పను చెరనుంచి వదిలేశారు; వెండి పీటా, గొడుగూ, పాదుకలూ గుమ్మం ముందునుంచి తీసేశారు. ఆనాటినుంచి ఇన్నాసయ్య పెద్ద గుమ్మంలోంచే కొలువుకు వెళ్ళాడు. వంటశాల వాసనల మాట మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు ఆ దారిన ఎవరైనా తలెత్తుకుని పోవచ్చని చిన్నప్పకు చెబితే ఎంతో సంబరపడ్డాడు. అయితే, ఆ దారిన నడిచే కాళ్ళు అతనికి మిగల్లేదు, ఆ దగ్గూ తగ్గలేదు. వానలు పడకముందే అతని పాడెను పేటవాళ్ళు మోసుకుపోయారు, ఆ గుమ్మం ముందునుంచే.