సగటు మనిషి భోజనం

వానలు ముఖం చాటేసిన ఒకానొక రాజ్యాన్ని గజకేతు అనే రాజు ఏలేవాడు. ఆయన కొలువులో అర్థశాస్త్ర పండితుడు విరూపాక్ష సోమయాజి. నోరు విప్పితే సోమయాజి మొదటి మాట 'అనుకుందాం'. ఆ తర్వాత ఆయన చెప్పేది రాజుకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. అర్థం కానిదంతా గొప్పదని రాజుగారి నమ్మకం.

దక్షిణాన రెల్లుగడ్డ అనే ఊళ్లో జనం గడ్డివేళ్లు తవ్వుకుని తింటున్నారు. కోటలో గాదెలు మాత్రం నిండుగా ఉన్నాయి. వాటిని తెరిపించమని ఆస్థాన విదూషకుడు కూచన రోజూ రాజు కాళ్లావేళ్లా పడేవాడు. రెల్లుగడ్డ అతను పుట్టిన ఊరు.

సోమయాజి అడ్డం పడేవాడు. "మహాప్రభూ! రాజ్యంలో ఒక్కడే మనిషి ఉన్నాడనుకుందాం. వాడే సగటు మనిషి. వాడు తింటే రాజ్యమంతా తిన్నట్టే. నేను లెక్క కట్టాను, వాడు సుష్టుగా తింటున్నాడు."

"ఆ మహానుభావుడు ఏ ఊళ్లో ఉంటాడు స్వామీ?" అని అడిగాడు కూచన.

"ఊళ్లో ఎందుకుంటాడు? శాస్త్రంలో ఉంటాడు. మనుషులంతా ఒకటే అనుకున్నాక వాడు ఎవడైతేనేం?"

"తమరూ, ప్రభువులవారూ కూడా అంతేనా?"

"శాస్త్రానికి మొహమాటం లేదు!" అన్నాడు సోమయాజి ఛాతీ విరిచి.

"భేష్! ఇకమీదట మా రాజ్యం ఈ శాస్త్రం ప్రకారమే నడవాలి" అని రాజు ఆజ్ఞ వేశాడు. కూచనకు కావలసింది ఆ ఆజ్ఞే.

మర్నాడు మధ్యాహ్నం రాజూ, పండితుడూ పీటల మీద కూర్చున్నారు. వడ్డించేవాళ్లు రాలేదు. వంటశాలలో పొయ్యి కూడా రాజేయలేదు.

కూచన చేతులు కట్టుకుని వచ్చాడు. "ప్రభూ, పొద్దున్నే కోటగుమ్మంలో ఒక ముసలమ్మకు గంజి పోశాను. తమ ఆజ్ఞ ప్రకారం అందరూ తిన్నట్టే కదా! అందుకే వంటవాళ్లను ఇళ్లకు పంపేశాను."

రాజు పండితుడి వంక చూశాడు. శాస్త్రం తప్పని ఒప్పుకోలేక, "నిజమే ప్రభూ, మనం తిన్నాం" అన్నాడు సోమయాజి నీళ్లు నములుతూ. ఇచ్చిన ఆజ్ఞ వెనక్కి తీసుకోవడం రాజుకు నామోషీ. ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

పొద్దు వాలేసరికి సోమయాజికి కళ్లు తిరిగాయి. "ఎవరో ముసల్ది గంజి తాగితే నా కడుపెలా నిండుతుందయ్యా!" అని అరిచాడు.

"రెల్లుగడ్డవాళ్లు అడుగుతున్నదీ అదే స్వామీ" అన్నాడు కూచన.

రాజు పకపకా నవ్వాడు. కూచనకు శాలువా కప్పి, గాదెలు తెరిపించాడు. కథ ఇక్కడ ఆపేస్తే మీకూ నాకూ బాగుండేది. కానీ కథ ఇక్కడ ఆగలేదు.

బియ్యం బళ్లు రెల్లుగడ్డ చేరాయి. కూచన ప్రతి గడప ముందూ బండి ఆపించి, ఇంటివాళ్లను పేరు పెట్టి పిలిచాడు. చాలా ఇళ్లలో పలికేవాళ్లు లేరు. చివరి వీధిలో కొందరు మాత్రం గోడలు పట్టుకుని బయటికొచ్చారు. వాళ్లకు కావలసినంత బియ్యం పోసి, మిగిలిన బళ్లు వెనక్కి తోలుకొచ్చాడు.

ఆ నిండు బళ్లను చూసి సోమయాజి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "చూశారా ప్రభూ! పంపిన బియ్యం పంపినట్టే తిరిగొచ్చింది. రెల్లుగడ్డలో కొరతే లేదని నేను మొదటినుంచీ మొత్తుకోవడం లేదూ?"

కూచన ఏదో అనబోయాడు.

రాజు మళ్లీ హాయిగా నవ్వాడు. ఈసారి బహుమానం సోమయాజికి ఇచ్చాడు.