వీపు తడవని చదువు

అనగనగా ఒక అడవి. అడవిని ఒరుసుకుంటూ ఒక ఏరు. ఏటి ఒడ్డున మద్దిచెట్టు వేళ్ల కింద ఒక నీటికుక్క కాపురం ఉండేది. పేరు వరదమ్మ. ఆమెకు ఒక్కతే కూతురు, బుడుంగు.

నీటికుక్క పిల్లలకు ఈత పుట్టుకతో రాదు. అమ్మ మెడ కరిచి నీళ్లలోకి ఈడిస్తేనే వస్తుంది. బుడుంగు కూడా అలాగే ఏడుస్తూ నేర్చుకుంది. ఇక పెద్ద చదువు మిగిలింది. అది ఏటి మలుపులో, సుడిగుండం దగ్గర. తాబేలు పంతులు చెప్పేవాడు. సుడి అడుగుకు దిగాలి. ఆలిచిప్ప ఒకటి నోట కరుచుకుని పైకి రావాలి. అది వస్తే వానాకాలంలో బతుకుతారు. రాకపోతే తొలి వరదకే కొట్టుకుపోతారు.

అందుకే వరదమ్మకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఒడ్డున అటు తిరిగేది, ఇటు తిరిగేది. పట్టిన చేపను సగం తిని వదిలేసేది.

చలికాలం వచ్చింది. దూరదేశాల పక్షులు ఏటికి దిగాయి. ఏ దేశంలో పిల్లలు ఎలా చదువుతారో వాటికి తెలుసు. వరదమ్మ ఆగలేక పరుగెత్తుకెళ్లి అడిగింది.

"మా మంచు దేశంలో చదువు చూడాలి వదినా నువ్వు," అంది పట్టెతల బాతు. "బడి ముందే నిలువెత్తు బండ. దూకినవాళ్లకే లోపల చోటు. ఎక్కడెక్కడి పిల్లలో వస్తారు. ఏ ఒక్కరో దూకుతారు. మిగతావాళ్లు ఏడ్చుకుంటూ ఇంటికే."

"దూకాక?"

"దూకాక ఏముంది, ఎండ కాచుకోవడమే!"

గూడకొంగ తన సంచిమూతి ఊపింది. "అదీ ఒక కష్టమేనా? మా దేశంలో బడికి తలుపే లేదు. ఎవరైనా రావచ్చు. కానీ రోజూ ఒక రాయి మోసుకుంటూ ఏరు దాటాలి. రాయి రోజురోజుకీ పెద్దదవుతుంది. జారవిడిచినవాడు ఆ పూటే ఇంటికి."

ఉల్లంకిపిట్ట ఒంటికాలి మీద నిలబడి నవ్వింది. "మాకు బండా లేదు, రాయీ లేదు. 'ఈ నీళ్లలో ఎవరూ చూడనిది ఒకటి చూసి రా' అని పంతులు తన దారిన తాను పోతాడు. ఏం చూడాలో చెప్పడు. పిల్లలు ఒడ్డున కూర్చుని బిక్కమొహాలు వేస్తారు. ఇప్పుడు చెప్పండి, ఎవరిది కష్టం?"

"మాదే!"

"నీ మొహం, మాది!"

"రెక్క పీకుతాను, మాదంటుంటే!"

వాటి పోట్లాట తెగలేదు. వరదమ్మ మాత్రం ఆ మాటలన్నీ మూటకట్టుకుని ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రం బుడుంగు అంది, "అమ్మా, ఆ సుడి నావల్ల కావట్లేదే."

"బాతు దేశంలో బండ దూకాలటే. నీకు బండ ఉందా?"

"లేదు."

"మరింకేం?"

మర్నాడు మళ్లీ అంది. "అమ్మా, కిందికి వెళ్లాక నాకు..."

"గూడకొంగ దేశంలో రాళ్లు మోస్తారటే. నిన్నెవరైనా రాయి మొయ్యమన్నారా? చిప్పేగా!"

మూడోనాడు బుడుంగు నోరు తెరిచింది. ఈలోగా వరదమ్మ ఉల్లంకిపిట్ట సంగతి ఎత్తుకుంది. బుడుంగు తెరిచిన నోరు మూసేసింది.

బిడ్డకు ధైర్యం చెబుతున్నానని అనుకుంది వరదమ్మ.

ఆ తర్వాత ఎప్పుడు అడిగినా బుడుంగుది ఒకటే జవాబు. "బాగానే ఉందమ్మా." రోజూ పొద్దున్నే వెళ్లేది. సాయంత్రం తడితడిగా వచ్చేది. "మా పిల్లకు అలవాటైపోయింది," అని వరదమ్మ పక్షులకు చెప్పుకుంది. చెప్పుకుంది గానీ, కాళ్లు మాత్రం ఆగలేదు. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియలేదు.

ఒకనాడు బుడుంగు వచ్చి పక్కన పడుకుంది. వరదమ్మ దాని ఒళ్లు నాకడం మొదలుపెట్టింది. మొహం తడి. పొట్ట తడి. వీపు దగ్గరికి వచ్చేసరికి నాలుక ఆగిపోయింది.

వీపు పొడిగా ఉంది. దుమ్ము కూడా ఉంది.

సుడిలోకి దిగినవాళ్ల వీపు పొడిగా ఎలా ఉంటుంది? గుమ్మం ముందు నీటిగుంటలో బోర్లా పడుకుని వస్తే ఉంటుంది.

"బుడుంగూ, నువ్వు బడికి వెళ్లడం లేదా?"

బుడుంగు లేచి నిలబడింది. "బండలు దూకేవాళ్లు దూకుతున్నారు. రాళ్లు మోసేవాళ్లు మోస్తున్నారు. నేనొక చిప్ప తేలేకపోతున్నాను. ఇక నేనెందుకమ్మా?"

"ఆగవే!"

ఆగలేదు. ఏటి మలుపు దాకా ఒకే పరుగు. వరదమ్మ చూస్తుండగానే సుడిలోకి దూకేసింది.

వరదమ్మ వెనకాలే దూకింది. అడుగున నీళ్లు గిర్రున తిరుగుతున్నాయి. బుడుంగు ఆలిచిప్ప నోట పట్టుకునే ఉంది. కానీ పైకి రావడం లేదు. పక్కన ఇసుక గట్టును గోళ్లతో గీరుతోంది. అటే పైన అనుకుంటోంది. వరదమ్మ దాని మెడ కరిచి, పసిగుడ్డుగా ఉన్నప్పటిలాగే ఈడ్చుకుంటూ తేలింది. చిప్ప నీళ్లలోనే జారిపోయింది.

గట్టు మీద బుడుంగు చాలాసేపు దగ్గింది.  వరదమ్మ ఈసారి ఏ దేశం పేరూ ఎత్తలేదు.

"ఎక్కడే నీకు కష్టం?"

బుడుంగు తల్లి మొహంలోకి చూసింది. నిజంగానే అడుగుతోందా అని చూసింది.

"దిగడం వచ్చమ్మా. చిప్ప కూడా దొరుకుతుంది. తిరిగి వచ్చేటప్పుడే. నీళ్లు తిప్పేస్తాయి. పైన ఏదో, కింద ఏదో తెలియదు."

 అది వరదమ్మకు తెలిసిన సంగతే. ఆ ఏటిలో ఈదే ప్రతి తల్లికీ తెలిసిందే.

"ఒక బుడగ వదులు. అది ఎటు పోతే అటే పైన."

"అంతేనా?"

"అంతే."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?"

నువ్వు అడగలేదుగా, అనబోయింది వరదమ్మ. కానీ బుడుంగు అడిగింది. మూడుసార్లు అడిగింది. వరదమ్మ తల దించుకుంది.

మర్నాడు పొద్దున్నే బుడుంగు సుడి దగ్గరికి వెళ్లింది. వరదమ్మ గట్టు మీద నిలబడింది. పక్షులు చుట్టూ మూగాయి.

"వదినా, తేల్చావా మరి? ఏ దేశం చదువు కష్టం?"

"ఉండు బాతూ. నా పిల్ల నీళ్లలో ఉంది."

నీళ్ల మీద ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. వరదమ్మ గోళ్లు మట్టిలో దిగబడ్డాయి. అప్పుడొక బుడగ తేలి పగిలింది. దాని వెనకే బుడుంగు తల.

నోట్లో చిప్ప లేదు. అయినా అది నవ్వుతోంది. "అమ్మా, దారి తెలిసింది! చిప్ప మళ్లీ తెస్తానే!" అంటూ మళ్లీ మునిగింది.

పక్షులు పోట్లాటకు దిగాయి. వరదమ్మ వినలేదు. బుడగ ఎక్కడ తేలుతుందా అని నీళ్లనే చూస్తూ నిలబడింది.

నీతి: ఏ దేశంలో చదువు ఎంత కష్టమో లోకాన్ని అడగకు, నీ బిడ్డకు ఎక్కడ కష్టంగా ఉందో బిడ్డనే అడుగు, చెప్పేదాకా విను.