పైడమ్మ సారె బండి

అనగనగా ఒక పెద్ద అడవి. ఆ అడవికి ఈ చివర పైడమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఆ చివర దాని కూతురు చింతాలు అత్తారిల్లు. మధ్యలో ఒక వాగు. వాగు దాటగానే ఒక కొండ. ఎవరు ఎటు పోవాలన్నా ఆ వాగూ ఆ కొండా దాటాల్సిందే, వేరే దారి లేదు.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. వాగు పొంగింది. సరిగ్గా అప్పుడే చింతాలుకి నెలలు నిండాయి. పుట్టింటికి వద్దామంటే దారి లేదు. పైడమ్మ ఈ ఒడ్డున కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఎలుగుబంటి పిల్లిలా తిరగడమేమిటని నవ్వకండి. బిడ్డ కష్టంలో ఉంటే ఏ తల్లయినా అలాగే తిరుగుతుంది.

ఆఖరికి ఒక కొంగ ఎగిరొచ్చి కబురు చెప్పింది.

"పైడమ్మా! నీ కూతురికి కవలలు పుట్టారు. కాన్పు చాలా కష్టమైంది. నీ వియ్యపురాలు ఎర్నమ్మ మూడు రోజులు కంటి మీద కునుకు లేకుండా కాచుకుని కూర్చుంది. ఇప్పుడు తల్లీ పిల్లలూ చల్లగా ఉన్నారు."

పైడమ్మ బావురుమంది. అది సంతోషంతో వచ్చిన ఏడుపు.

"నా బిడ్డని కాపాడిన చేతులవి! వాటిని కళ్ళకద్దుకోవాలి. వదినగారికి ఉత్త చేతులతో ఎలా ఎదురుపడతాను? అడవంతా చెప్పుకునేలా సారె పట్టుకెళతాను" అనుకుంది.

వాగు తగ్గేదాకా పైడమ్మ సారె సిద్ధం చేస్తూనే ఉంది. అడవి తేనె నాలుగు పెద్ద కుండల్లోకి పట్టింది. బాలింతకి బలమని ఒక బస్తా చోళ్ళు, అదే రాగులు, కట్టింది. నువ్వులుండలు ఒక బుట్టెడు చుట్టింది. ఇప్పపువ్వు ఎండబెట్టి మూట కట్టింది. మనవలకి మెత్తటి బొంతలు కుట్టింది. అన్నిటికీ మించి, వదినగారి కోసం ఒక నల్లరాతి రుబ్బురోలు చెక్కించింది. దాన్ని కదపాలంటే పైడమ్మకే ఆయాసం వచ్చేది.

వాగు తగ్గిన మర్నాడు పొద్దున్నే గవరయ్య అనే గాడిద గూడుబండి తీసుకొచ్చాడు. ముచ్చటైన చిన్న బండి అది. రెండే చక్రాలు, వాటి మధ్య ఇరుసు. పైన వెదురు తడికల గూడు. వెనక గోనెపట్టా తెర. ముందుకి చాచిన రెండు నొగల మధ్య గవరయ్య నిలబడేవాడు. వీపు మీద నుంచి ఒక పట్టీ, పొట్ట కింద నుంచి ఒక పట్టీ, మెడ చుట్టూ ఒక పట్టీ ఆ కర్రలకి కట్టుకునేవాడు.

పైడమ్మ రోలు దొర్లించుకుంటూ బండి వెనక్కి తెచ్చింది. గవరయ్య తల తిప్పి చూశాడు.

"అక్కా, బరువైనవి ఇరుసుకి కాస్త ముందుగా పెట్టు. అదీ అడుగున పెట్టు. రెండు పక్కలా సమానంగా ఉండాలి. తేలికవి పైనా వెనకా సర్దు."

"అలా పెడితే బరువు నీ వీపు మీద పడదూ?"

"కొంచెం పడాలక్కా. నొగలు నా వీపు మీద ఆనితేనే బండి నా మాట వింటుంది. వెనక బరువెక్కువైతే దాని మాట నేను వినాల్సొస్తుంది."

పైడమ్మ నవ్వేసింది.

"సారె సంగతి నీకేం తెలుసు తమ్ముడూ? బండి ఆగగానే ఆడవాళ్ళందరూ వెనక చేరతారు. తెర ఎత్తగానే వాళ్ళ కంటికి ముందు రోలు కనబడాలి. పక్కన తేనె కుండలు కనబడాలి. బొంతలూ బుట్టలూ కనబడితే ఇంతేనా అని మూతి తిప్పరూ?"

"వాళ్ళు చూసేది ఒక్క క్షణమక్కా. నేను లాగేది పొద్దస్తమానం."

"ఆ ఒక్క క్షణం కోసమే కదయ్యా ఇంత చాకిరీ!"

గాడిద చాకిరీ అని మనం తేలిగ్గా అనేస్తాం కానీ, ఆ చాకిరీ చేసేవాడికి తెలిసే సంగతులు చాలా ఉంటాయి. పైడమ్మ మాత్రం తనకి నచ్చినట్టే సర్దింది. బొంతలు ముందు పెట్టింది. చోళ్ళ బస్తా, బుట్ట, మూట మధ్యలో పెట్టింది. రోలునీ నాలుగు కుండల్నీ తెర పక్కనే పేర్చి తాడుతో కట్టేసింది. ఒకసారి తెర ఎత్తి చూసుకుని మురిసిపోయింది.

బండి కదిలింది. అడుగు తీసి అడుగు వేసేసరికి నొగలు పైకి లేవడం మొదలుపెట్టాయి.

"అక్కా, పొట్ట కింద పట్టీ కోసుకుపోతోంది. రోలు ముందుకి జరుపుదామా?" అన్నాడు గవరయ్య.

"దానికి రోలెందుకు, నేను జరుగుతాలే!" అంటూ పైడమ్మ వచ్చి బండి ముందు అంచున కూర్చుంది. పైడమ్మ బరువు తక్కువేమీ కాదు. నొగలు కిందికి దిగాయి.

"చూశావా, సరిపోయింది!"

"నువ్వు కూర్చున్నంతసేపే అక్కా" అన్నాడు గవరయ్య.

వాగులోకి దిగే వాలు దగ్గర బండి కుదురుగా నిలవలేదు. దాని వెనక భాగం కుడికీ ఎడమకీ ఊగింది. అది ఊగిన వైపల్లా గవరయ్య కాళ్ళు తడబడ్డాయి. పైడమ్మ గూటి తడికని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎలాగో వాగు దాటారు. అవతలి ఒడ్డున చదునైన ఇసక ఉంది. గవరయ్య అక్కడ ఆగాడు.

"అక్కా, ఇక్కడ నిలిపి మళ్ళీ సర్దుకుందాం. కొండ దారి మొదలైతే సర్దడానికి జాగా ఉండదు. నా మాట విను."

పైడమ్మ వెనక్కి వెళ్ళి చూసింది. ఎంత అందంగా పేర్చింది! ఎన్ని ముళ్ళు వేసింది! అవన్నీ విప్పాలా? పైగా ఎండెక్కుతోంది. అవతల వదినగారు ఎదురుచూస్తూ ఉంటుంది. ఊగితే ఊగింది కానీ ఏమీ పడలేదు కదా అనుకుంది.

"ఇంత దూరం వచ్చాం, ఆ కాస్త దూరం పోలేమా? పోనీ తమ్ముడూ, పోనీ" అంది.

గవరయ్య నిట్టూర్చి కొండ దారి పట్టాడు.

దారి ఇరుకు. ఒక పక్క బండరాయి, ఒక పక్క లోయ. ఎక్కుతున్న కొద్దీ గవరయ్య రొప్పు ఎక్కువైంది. నోటి నుంచి నురగ కారింది. పైడమ్మకి జాలేసింది. నిజం చెప్పాలంటే ఆమె మనసు వెన్న.

"పాపం, సారెకి తోడు నన్ను కూడా లాగుతున్నాడు. నేను దిగి నడిస్తే వాడికి కాస్త తేలికవుతుంది" అనుకుంది. అనుకున్నదే తడవు కిందికి దూకింది.

"దిగకక్కా!" అని గవరయ్య అరిచాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

బండి తోక ధబ్బున నేలకి కొట్టుకుంది. నొగలు ఆకాశానికి లేచాయి. వాటితో పాటు గవరయ్య కూడా లేచాడు. ముందు కాళ్ళు గాల్లో కొట్టుకుంటున్నాయి. మెడ పట్టీ గొంతుకి బిగుసుకుంది. బండి రాళ్ళ మీద గీరుకుంటూ బెత్తెడు బెత్తెడు చొప్పున వెనక్కి జారసాగింది. వెనక మలుపులో లోయ ఉంది.

పైడమ్మ పరుగున వచ్చి నొగ పట్టుకుని వేలాడింది. గవరయ్య గిట్టలు నేలకి ఆనాయి. కానీ బండి తోక నేల మీద నుంచి లేవగానే చక్రాలు గబగబా వెనక్కి దొర్లాయి. భయపడి వదిలేసింది. నొగ మళ్ళీ పైకి లేచింది.

"రోలు..." అన్నాడు గవరయ్య. గొంతులోంచి మాట రావడం లేదు. "రోలు తోసెయ్యి..."

పైడమ్మ వెనక్కి ఉరికింది. బండి తోకకి భుజం ఆనించి జారకుండా నిలబెట్టింది. ఒక చేత్తో తాడు పట్టి లాగింది. తన చేత్తో తాను బిగించిన ముళ్ళు అవి, ఒక్కటీ ఊడి రాలేదు. పళ్ళతో కొరికింది. తాడు తెగింది. పక్కకి ఒరిగి రోలుని బయటికి ఈడ్చింది. అది దొర్లుకుంటూ పోయి లోయలో పడింది. దాని వెంట రెండు తేనె కుండలు పడి భళ్ళున పగిలాయి.

నొగలు మెల్లగా దిగాయి. గవరయ్య నాలుగు కాళ్ళూ నేల మీద ఆనాయి. పైడమ్మ గబగబా చక్రాల వెనక రాళ్ళు పెట్టి, వచ్చి మెడ పట్టీ వదులు చేసింది. పట్టీ కింద చర్మం కమిలి ఎర్రగా అయింది. అది చూసి పైడమ్మ దారి మధ్యలోనే కూలబడింది.

"నా బిడ్డని కాపాడినందుకు వదినగారికి దణ్ణం పెట్టుకోవాలని బయల్దేరాను. నన్ను మోసుకెళ్ళేవాణ్ణే చంపబోయాను తమ్ముడూ! నువ్వు ఎన్నిసార్లు చెప్పావు. నా చెవికెక్కలేదు."

గవరయ్య దగ్గుతూ అన్నాడు: "నేను బతికే ఉన్నానులే అక్కా. ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు కాసిన్ని నీళ్ళివ్వు."

పైడమ్మ ఏడుస్తూనే నవ్వింది. నీళ్ళు తాగించింది. వాడు తేరుకున్నాక లేచి నిలబడి అడిగింది.

"ఇప్పుడు చెప్పు తమ్ముడూ. ఏది ఎక్కడ పెట్టాలి?"

గవరయ్య చెబుతుంటే పైడమ్మ సర్దింది. చోళ్ళ బస్తా ఇరుసుకి కాస్త ముందు, అడుగున పెట్టింది. మిగిలిన రెండు కుండల్ని దానికి అటొకటీ ఇటొకటీ పెట్టి కదలకుండా కట్టింది. బుట్టా మూటా వాటి పైన పెట్టింది. బొంతలు తీసుకెళ్ళి వెనక తెర పక్కన పడేసింది.

"ఇప్పుడు నొగ పట్టుకుని ఎత్తి చూడు" అన్నాడు గవరయ్య. "చేతికి కొంచెం బరువు తెలియాలి. ఎత్తలేనంత ఉండకూడదు. తనంతట తాను లేవకూడదు."

పైడమ్మ ఎత్తి చూసింది. సరిగ్గా అలాగే ఉంది. మిగిలిన దారంతా ఆమె గవరయ్య పక్కనే నడిచింది. కొండ దిగేటప్పుడు కూడా బండి బుద్ధిగా వెంట వచ్చింది.

అత్తారింటి ముందు బండి ఆగింది. ఆడ ఎలుగుబంట్లన్నీ బిలబిలమంటూ వెనక చేరాయి. ఎవరో తెర ఎత్తారు. "బొంతలా!" అంది ఒకావిడ. ఇంకొకావిడ మూతి తిప్పింది. పైడమ్మ అనుకున్నంతా అయింది. కానీ ఆమె అటు చూడనే లేదు.

కాళ్ళు కడుక్కోవడానికి చింతాలు చెంబుతో నీళ్ళు తెచ్చింది. పైడమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. తర్వాత ఆ చెంబు అందుకుని తిన్నగా బండి ముందుకి నడిచింది. వంగి గవరయ్య కాళ్ళ మీద నీళ్ళు పోసింది. ఒక్కో కాలూ తన చేత్తో కడిగింది. గవరయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

"అయ్యో, ఏంటక్కా ఇది! వియ్యాలవారి ముందు!"

"వాళ్ళ ముందే కడగాలి" అంది పైడమ్మ. వియ్యపురాలి వైపు తిరిగింది. "వదినగారూ, మీకని రోలు చెక్కించాను. అందరూ చూడాలని బండి వెనక పెట్టాను. వద్దని వీడు మొత్తుకున్నా వినలేదు. రోలు లోయ పాలైంది. సగం తేనె మట్టిపాలైంది. వీడి ప్రాణం మాత్రం దక్కింది. నా బిడ్డని నిలబెట్టిన మీకు ఏమిచ్చినా తక్కువే, ఇవాళ అది కూడా తేలేకపోయాను."

ఎర్నమ్మ దగ్గరికొచ్చి గవరయ్య మెడ మీది కమిలిన చోటుని చూసింది. లోపలికి వెళ్ళి పసుపు కలిపిన గోరువెచ్చటి నూనె తెచ్చి తానే రాసింది.

"రోలు నాకు ఒకటుంది వదినా" అంది రాస్తూ. "నా కోడలికి తల్లి ఒక్కతే. ఆ తల్లిని ఆ కొండ దాటించి తీసుకొచ్చాడు. ఇంతకంటే పెద్ద సారె ఏముంటుంది?"

పైడమ్మ ఆ నూనె చేతుల్ని పట్టుకుని కళ్ళకద్దుకుంది. అప్పుడు చింతాలు ఇద్దరు పిల్లల్నీ తెచ్చి అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. గవరయ్యకి పెద్ద ఆకులో నువ్వులుండలు పెట్టారు. ఆ పూట ఎవరికీ వడ్డించకముందే వాడికి వడ్డించారు.

నెల తిరిగాక పైడమ్మ ఇంటికి బయల్దేరింది. ఎర్నమ్మ తిరుగు సారె కింద రెండు పెద్ద గుమ్మడికాయలూ ఒక బస్తా కందులూ ఇచ్చింది. పైడమ్మ ఒక గుమ్మడికాయ భుజానికెత్తుకుంది. బండి వెనక్కి వెళ్ళలేదు. గవరయ్యకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎక్కడ పెట్టమంటావు తమ్ముడూ?" అని అడిగింది.

నీతి: బరువు ఎంతుందో చూసుకోవడమే కాదు, దాన్ని ఎక్కడ పెట్టామో కూడా చూసుకోవాలి. అది మోసేవాడికే బాగా తెలుస్తుంది. మన బరువు మోసేవాడి మాట వినాలి, వాడి మేలు మరవకూడదు.