పట్టాభి అప్పగించబోయిన గజ్జెలు

శేషాచల భాగవతారుగారు ఎవరేం అడిగినా ముందు అడిగినవాడి ముఖం చూసేవారు. జవాబు సంగతి తరవాత.

ఒకనాటి మధ్యాహ్నం ఆయన పాత శిష్యుడు పట్టాభిరామయ్య వచ్చాడు. డెబ్భై దగ్గరపడ్డ మనిషి, హరికథలు చెప్పి పేరు తెచ్చుకున్నవాడు. గురువు ముందు మాత్రం ఇప్పటికీ పలక పట్టుకున్న పిల్లవాడే. గజ్జెలు, చిడతలు గురువుగారి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇవి మీరిచ్చినవే, అయ్యవారూ. తీసేసుకోండి. ఈమధ్య కథ నడుమ పేర్లు మరిచిపోయి, జనం ముందు నోరు తెరిచి నిలబడిపోతున్నాను. సరస్వతి నా మీద అలిగిందా?"

నాబోటి శిష్యుడైతే వయసు మీద నాలుగు ఓదార్పు మాటలు చెప్పి పంపేవాడు. గురువుగారు అతని ముఖం చూసి, "రుక్మిణి సందేశం ఎత్తుకో" అన్నారు.

ఎత్తుకున్నాడు. సందేశం మోసిన బ్రాహ్మణుడి పేరు దగ్గర ఆగిపోయాడు. నుదుట చెమట పట్టింది, చెయ్యి వణికింది.

"పొద్దుటినుంచీ ఏం తిన్నావురా?"

"సాయంత్రం కథ ఉందిగా, ఏమీ తినలేదు. నిండు కడుపున గొంతు లేవదని మీరు నేర్పిందేగా."

"షుగరు బిళ్ళ?"

"వేసుకున్నాను. మానితే డాక్టరు తిడతాడు."

"నేనా మాట చెప్పినప్పుడు నీకు ఇరవై ఏళ్ళురా! అప్పుడు బిళ్ళ లేదు."

గురువుగారి కోడలు వెంకటరత్నం పరుగున బెల్లం పానకం తెచ్చింది. అతను తాగుతుంటే గురువుగారే విసనకర్ర అందుకుని విసిరారు. ఎనభై దాటిన ఆ చెయ్యి శిష్యుడికి విసరడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. కాసేపటికి పట్టాభి, ఎవరూ అడక్కుండానే, "అగ్నిద్యోతనుడు!" అన్నాడు. ఆగిన చోటునుంచి ఎత్తుకుని, ఒక్క మాట తప్పకుండా చివరిదాకా పాడాడు.

అన్నం తిన్నాక డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన అనుకున్నట్టే తిట్టాడు. "చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువైతే మెదడు మెల్లగా మొద్దుబారుతుంది, పడిపోతే అప్పటికప్పుడే తడబడుతుంది. తిండి లేకుండా ఈ బిళ్ళ ఎవరు వేసుకోమన్నారు?" అని బిళ్ళల పద్ధతి మార్చి రాశాడు.

తిరిగొచ్చి పట్టాభి గురువుగారి కాళ్ళమీద పడ్డాడు. "నా కథ నాకు తిరిగిచ్చారు" అంటూ ఏడ్చేశాడు. గురువుగారు గజ్జెలు తీసి అతని చేతిలో పెట్టారు.

"సరస్వతికి అలక కాదురా. ఆకలి."