రాయి ఏమంటోంది?

ఒకప్పుడు రాతిపనివారు ఏ స్తంభాన్నీ దాని మాట వినకుండా నిలబెట్టేవారు కాదు. స్తంభాన్ని నేల మీద పడుకోబెట్టి, ఒకరు ఒక కొసను కొయ్యసుత్తితో రెండుసార్లు తట్టేవారు. మరొకరు రెండో కొసకు చెవి ఆనించి వినేవారు. మంచి రాయి గంటలా పలికేది. లోపల పగులున్న రాయి తడికుండలా మూగగా పలికేది. తట్టేవాడికి తన సుత్తి చప్పుడే వినిపిస్తుంది కనుక వినేవాడిదే చివరి మాట. "రాయి ఏమంటోంది?" అని తట్టినవాడు అడిగేవాడు. "నిలబడతానంటోంది," అని విన్నవాడు చెబితేనే దాన్ని పైకెత్తేవారు. ఇప్పుడు ఆ అలవాటు లేదు.

ఆ అలవాటు ఉన్న కాలంలో, పిరనీస్ పర్వతాల మధ్య ఒక ఇరుకైన లోయలో ఆయ్మెరిక్ అనే శిల్పి ఉండేవాడు. అతనికి రాని పని లేదు. తనకు చేతకానిది ఉందని ఒప్పుకోవడం ఒక్కటే రాదు.

ఆ లోయలో ఒక మఠంవారు చర్చి కట్టిస్తున్నారు. ఇప్పటివారు ఆ కట్టడపు పద్ధతిని రోమనెస్క్ అంటారు. కోటగోడలంత మందమైన గోడలు, చిన్న చిన్న కిటికీలు, అర్ధచంద్రంలా వంగిన రాతి కమానులు. లోపల పట్టపగలు కూడా మునిమాపులా ఉండేది. ఆ మసకలో, స్తంభాల తలల మీద చెక్కిన సింహాలు మనుషులను నెమ్మదిగా నములుతున్నట్టు కనిపించేవి. వాటి కింద నడిచేవారు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడేవారు.

ఆయ్మెరిక్‌తో పాటు అతని తమ్ముడు పోన్స్ కూడా అక్కడే పనిచేసేవాడు. రాతిని పోన్స్ తట్టేవాడు, ఆయ్మెరిక్ వినేవాడు. ఆయ్మెరిక్ చెవికి లోయ అంతటా పేరుండేది. ఒకసారి పోన్స్ ఒక స్తంభం తల మీద వింత మనిషిని చెక్కాడు. అతని చెవులు భుజాల దాకా వేలాడుతున్నాయి.

"ఎవరితను?" అని ఆయ్మెరిక్ అడిగాడు.

"తెలియనట్టు అడుగుతావేం అన్నయ్యా? ఆ ముక్కు చూడు, నీదే. చెవులు మాత్రం కొంచెం తగ్గించాను. ఉన్నంత చెక్కితే రాయి చాలలేదు," అన్నాడు పోన్స్.

ఆయ్మెరిక్ నవ్వాడు. తమ్ముడి మాటలను అతను స్పష్టంగా విన్న చివరి రోజుల్లో అదొకటి.

చిన్ననాటి నుంచి ఉలి మీద పడిన సుత్తి దెబ్బలన్నీ అతని చెవుల్లో పేరుకున్నాయి. మొదట పిట్టల కూతలు పోయాయి. తరువాత వాన చప్పుడు పోయింది. ఆ పైన మనుషుల గొంతులు గోడ అవతలి నుంచి వస్తున్నట్టు మారి, క్రమంగా అవీ ఆగిపోయాయి. ఆయ్మెరిక్ ఎవరికీ చెప్పలేదు. ఎదుటివారి పెదవులు చూసి మాటలు గ్రహించడం నేర్చుకున్నాడు. అర్థం కానప్పుడు తలాడించేవాడు. పనివారు తలాడించే మనిషిని అనుమానించరు.

పోన్స్ భార్య సాన్సా ఒక్కతే ఏదో గమనించింది. "బావగారూ, ప్రార్థన గంట మోగింది. అందరూ లేచారు, మీరు తల కూడా ఎత్తలేదేం?" అని అడిగింది.

"గంట మోగినప్పుడల్లా తలెత్తితే ఉలి జారుతుందమ్మా," అన్నాడు ఆయ్మెరిక్.

స్తంభాలను వినే పని కూడా అతను మానలేదు. రాతికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, కొంచెం ఆగి, "నిలబడతానంటోంది," అనేవాడు. వాళ్ళకు రాళ్ళు వచ్చే గనిలో మంచి రాయే ఎక్కువ. అతను అలా చెప్పిన స్తంభాలన్నీ నిలబడ్డాయి. నిలబడిన ప్రతి స్తంభమూ అతని ధైర్యాన్ని పెంచింది.

చలికాలం వెళ్ళాక, బలిపీఠం పక్కన నిలపవలసిన పెద్ద స్తంభం వచ్చింది. అది చలికాలమంతా మంచులో పడి ఉన్న రాయి, అలాంటి రాయి లోలోపల పగలవచ్చు. దాన్ని లాగి తెచ్చిన ఎద్దులు చర్చి గడప దగ్గర ఆగిపోయి, ఎంత అదిలించినా లోపలికి అడుగు పెట్టలేదు. చివరికి మనుషులే దాన్ని దుంగల మీద దొర్లించారు. పోన్స్ రెండుసార్లు తట్టాడు. ఆయ్మెరిక్ చెవికి చల్లదనం తగిలింది, అంతే. అతను కళ్ళు తెరిచాడు. పనివారందరూ చుట్టూ నిలబడి తననే చూస్తున్నారు.

"రాయి ఏమంటోంది అన్నయ్యా?"

"నిలబడతానంటోంది."

స్తంభం లేచింది. దాని మీద కమాను కట్టడానికి కింద చెక్క చట్రం నిలిపారు. కమాను సున్నం ఆరేదాకా బరువంతా ఆ చట్రమే మోస్తుంది. ఆ తరువాత చట్రాన్ని తీసేస్తే బరువు స్తంభం మీదికి వస్తుంది.

సున్నం ఆరుతున్న రోజుల్లోనే ఆ చప్పుడు మొదలైంది. స్తంభం లోపలి నుంచి ఎవరో తడుతున్నట్టు ఉండేది. రెండుసార్లు తట్టి, ఆగేది. జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు చాలాసేపు మౌనంగా ఉండి, మళ్ళీ తట్టేది. వడ్రంగులు శిలువ గుర్తు వేసుకుని దూరంగా జరిగారు. పోన్స్ అన్నను పిలుచుకు వచ్చాడు.

"లోపల ఎవరో ఉన్నట్టుంది. ఒక్కసారి మళ్ళీ విను," అన్నాడు.

ఆయ్మెరిక్ స్తంభానికి చెవి ఆనించాడు. నిజం చెప్పడానికి అతనికి దొరికిన రెండో అవకాశం అది. తమ్ముడి ముఖం అతనికి బాగా దగ్గరగా ఉంది. ఆ ముఖంలో భయం ఉంది, భయం కంటే ఎక్కువగా అన్న మీద నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని చూసేసరికి అతనికి నోరు రాలేదు.

"కొత్త రాయి సర్దుకుంటోంది. సర్దుకునేటప్పుడు రాళ్ళు గొణుగుతాయి," అన్నాడు చివరికి.

"నువ్వు విన్నావుగా, ఇక నాకు చాలు," అన్నాడు పోన్స్.

మరికొన్ని రోజులకు, మధ్యాహ్న భోజనం తరువాత, పోన్స్ కమాను కిందికి వెళ్ళి చట్రం మేకులు ఊడగొట్టాడు. బరువు స్తంభం మీదికి దిగింది. స్తంభం నిలువునా చీలింది. కమాను కూలింది. పోన్స్ బయటికి రాలేదు.

అందరూ ఆయ్మెరిక్‌ను ఓదార్చారు. "రాయి నీతో అబద్ధమాడింది," అన్నారు. అతను తలాడించాడు.

శిథిలాలను తొలగించి, మరో ఊరి పనివారు విని నిలబడుతుందన్నాక, అదే చోట కొత్త స్తంభం నిలిపారు. అందులో పగులు లేదు. అయినా, కమాను కట్టడం పూర్తయిన మరునాటి నుంచి ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది. రెండుసార్లు తట్టడం, ఆగడం. సన్యాసులు ప్రార్థన ఆపి వినేవారు. చర్చి అంతటిలోనూ దాన్ని విననివాడు ఆయ్మెరిక్ ఒక్కడే.

ఒక సాయంత్రం సాన్సా వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "బావగారూ, ఆయన అలాగే తట్టేవారు. రెండుసార్లు తట్టి, మీ వైపు చూసేవారు. ఏమంటున్నారో మీరైనా చెప్పండి," అంది.

ఆయ్మెరిక్ చేతిలోని ఉలిని కింద పెట్టాడు. తరువాత అన్నాడు: "నాకు వినిపించదమ్మా. చాలాకాలంగా ఏమీ వినిపించడం లేదు. ఆ రాయి కూడా వినిపించలేదు."

సాన్సా ఏడవలేదు, నిందించలేదు. అతని చేయి పట్టుకుని తీసుకువెళ్ళి, అరచేతిని స్తంభానికి ఆనించి వదిలేసింది. చల్లటి రాతి లోపల ఏదో కదిలింది. రెండు చిన్న అదురులు, ఆ పైన నిశ్శబ్దం. ఎవరో ప్రశ్న అడిగి ఎదురుచూస్తున్నట్టు ఉంది. ఆయ్మెరిక్ చేయి తీయలేకపోయాడు.

మరునాడు అతను పనివారందరి ముందు నిజం చెప్పాడు. ఆ తరువాత ఆ లోయలో ఒక్కరి చెవిని నమ్మి ఏ స్తంభమూ లేవలేదు. కానీ స్తంభంలోని చప్పుడు ఆగలేదు. ఆయ్మెరిక్ బతికినంత కాలం రోజూ వచ్చి దానికి అరచేయి ఆనించి నిలబడేవాడు. పైనుంచి పెద్ద చెవుల రాతిమనిషి అతన్ని చూస్తూ ఉండేవాడు.

అలా నిలబడినప్పుడల్లా అతనికి గుర్తొచ్చేది కమాను కూలిన క్షణం కాదు, దానికి ముందరి భోజనం. ఆ మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ ఇంకా చెక్కని ఒక రాతి మీద రొట్టె, జున్ను, ఉల్లిపాయ పెట్టుకుని కూర్చున్నారు. పోన్స్ రొట్టె విరిచి, రోజూలాగే పెద్ద ముక్క అన్నకు ఇచ్చాడు. దాని మీది రాతిపొడిని ముందే ఊదేశాడు. తింటూ తింటూ కమాను వైపు ముఖం తిప్పి ఏదో అన్నాడు. పెదవులు కనిపించలేదు. తరువాత అన్న వైపు తిరిగి, జవాబు కోసం చూశాడు. ఆయ్మెరిక్ తలాడించాడు. పోన్స్ నిశ్చింతగా ఒడిలోని రొట్టె పొడి దులుపుకుని, నీళ్ళ కూజా అన్నకు అందించాడు. ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు నీళ్ళు తాగి లేచారు.

నీతి: తెలియనిదాన్ని తెలియదని చెప్పడం అవమానం కాదు, తెలిసినట్టు తలాడిస్తే, ఆ బరువు మనల్ని నమ్మినవారి మీద పడుతుంది.