మీసం లేని బొమ్మ

గంగాడపేటలో మహోదయ టాకీసు నడిపే బలివాడ గవర్రాజు మనిషి మంచివాడే గానీ, తెర మీద మీసం కనబడకపోతే జనం రారని మొండిగా నమ్ముతుండేవాడు.

"హీరోయిన్ అంటే పాటకు రావాలి, పోవాలి. సినిమా మొత్తం మొయ్యమంటే ఎలా మోస్తుందయ్యా?" అనేవాడు. ఆడమనిషి కథ మీద నడిచే బొమ్మ ఏదైనా వస్తే గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. అన్నీ పెద్ద హీరోల సినిమాలే. మొదటి రోజున ఈలలు, కేకలు, తోపులాట. ఆ తోపులాటకు జడిసి ఊళ్ళో ఆడవాళ్ళు హాలుకు రావడం మానేశారు. వాళ్ళెలాగూ రావడం లేదు కదా అని ఆడవాళ్ళ టికెట్ల కిటికీ మూయించి, ఆ గదిలో సోడా పెట్టెలు పెట్టించాడు. ఇరవై ఏళ్ళు ఆ కిటికీలో కూర్చుని టికెట్లు చింపిన పైడమ్మను సైకిల్ స్టాండుకు పంపేశాడు. పైగా, "చూశారా, ఆడవాళ్ళు సినిమాలు చూడరు" అని అందరికీ చెప్పేవాడు. ఏం తెలివండీ ఆయనది!

అలాంటి గవర్రాజుకు గడ్డుకాలం వచ్చింది. వరసగా నాలుగు పెద్ద హీరోల బొమ్మలు బోల్తా కొట్టాయి. మొదటి రోజు ఈలలు వేసినవాళ్ళు రెండో రోజు అయిపు లేకుండా పోయారు. హాలేమో గవర్రాజుది కాదు, మామగారు సూరప్పడుది. ఆయనకు ఎరువుల వ్యాపారం. ఓ రోజు అల్లుణ్ణి పిలిచి కూర్చోబెట్టాడు.

"అల్లుడూ, దసరాకి ఓ మంచి బొమ్మ వెయ్యి. రెండు వారాల్లో హాలు ఒక్కసారి నిండినా సరే. లేదంటావా, నేనే నింపుతాను, యూరియా బస్తాలతో" అన్నాడు.

ఆ హాలు తప్ప గవర్రాజుకు వేరే పని తెలియదు. దీపాలు ఆరి తెర మీద వెలుగు పడిందంటే ఆ వయసులో కూడా అతనికి ఒళ్ళు పులకరించేది.

పరుగున వెళ్ళి డిస్ట్రిబ్యూటర్ని అడిగితే, దసరాకి మిగిలింది ఒకే బొమ్మ అన్నాడు. పేరు ‘మంగతాయారు మెస్సు’. సునేత్ర అనే నటి అందులో మెస్సు నడిపే మంగతాయారు వేషం వేసింది.

"హీరో ఎవరు?"

"హీరో లేడండీ."

గవర్రాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అంతలో పోస్టరు అడుగున చీమల్లాంటి అక్షరాలు కనబడ్డాయి. ‘గౌరవ పాత్రలో శౌర్యదేవ్’ అని ఉంది. శౌర్యదేవ్ అంటే మామూలు హీరోనా! గంగాడపేటలోనే అతనికి రెండు అభిమాన సంఘాలు.

"బతికిపోయాను!" అని గెంతాడు గవర్రాజు. బొమ్మ ఒకసారి చూద్దామని కూడా అనుకోలేదు. శౌర్యదేవ్‌కు నలభై అడుగుల కటౌట్ కట్టించాడు. అతని బూటు పక్కన సునేత్ర ముఖం తపాలా బిళ్ళంత వేయించాడు. సినిమా పేరు అంతకన్నా చిన్నది.

అది చూసి పైడమ్మ సైకిళ్ళు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"బాబూ, మొన్న విజయనగరంలో మా చెల్లెలింటికి పోయినప్పుడు ఆ బొమ్మ చూశాను. అందులో ఆ శౌర్యదేవ్ బాబు..."

"సినిమాల గురించి నువ్వా నాకు చెప్పేది?"

"అది కాదు బాబూ, ఆయన అసలు..."

"వెళ్ళి సైకిళ్ళు చూసుకో పైడమ్మా!"

"చిత్తం" అని తిరిగి వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "అనుభవించు నాయనా" అని గొణుక్కుంది.

విడుదల రోజు వచ్చింది. అభిమాన సంఘం అధ్యక్షుడు కొండలు బిందెతో పాలు తెచ్చి, నిచ్చెనెక్కి కటౌట్ నెత్తిన పోశాడు. కొబ్బరికాయలు కొట్టారు. డప్పులు మోగాయి. హీరోయిన్ సినిమా కదా అని విజయనగరంలో ఆడినప్పుడు వాళ్ళు కూడా అటువైపు తొంగి చూడలేదు. అందుకే ఒక్కడికీ కథ తెలియదు. అన్న తెర మీదకు రాగానే విసరడానికి చొక్కా జేబుల నిండా కాగితం ముక్కలు కుక్కుకుని సగం హాలు ఆక్రమించి కూర్చున్నారు.

ఆట మొదలైంది. సారా కాంట్రాక్టరు మనుషులు మెస్సు ఖాళీ చెయ్యమని మీదికొస్తే సునేత్ర అట్లకాడ తీసుకుని వీధి చివరిదాకా తరిమింది. "బాగానే కొడుతోంది గానీ, అన్నెప్పుడొస్తాడ్రా?" అన్నారు వెనక వరసలో. అరగంట గడిచింది. గంట గడిచింది. ఇంటర్వెల్ దగ్గర పడుతుండగా సునేత్ర దీపం వెలిగించి గోడవైపు తిరిగింది. గోడకు శౌర్యదేవ్ ఫొటో ఉంది. ఫొటోకు దండ ఉంది.

"ఏవండీ, మీరు పోయి ఐదేళ్ళయిందండీ" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

అంతే. గౌరవ పాత్ర అంతే!

ఎవడో అలవాటు కొద్దీ గుప్పెడు కాగితాలు విసిరి నాలిక కరుచుకున్నాడు. కొండలు లేచి నిలబడ్డాడు.

"ఓరి నాయనో! పొద్దున మనం పాలు పోసింది చచ్చిపోయినోడికా! ఓనరు గారూ, నిక్షేపంలా బతికున్న అన్నకు మా చేతే దినం చేయించేశారు కదండీ!"

"నేనేం చేశానయ్యా? కథలోనే పోయాడు" అన్నాడు గవర్రాజు, తలుపు చాటు నుంచి.

ఆ మాటతో కుర్చీలు గాల్లోకి లేచాయి. కటౌట్ కూలింది. సాయంత్రానికి హాల్లో గవర్రాజూ, రెండు పిల్లులూ మిగిలారు.

అయినా బుద్ధి వచ్చిందా? రాలేదు. "నేను చెప్పలేదూ, ఆడది మొయ్యలేదని!" అంటూ వారం రోజులు ఖాళీ హాలుకు కాపలా కాశాడు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి ఉండగా రెండు ట్రాక్టర్ల నిండా ఆడవాళ్ళు, కొత్త చీరలు కట్టుకుని, పులిహోర గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని వెళుతూ కనిపించారు.

"ఎక్కడికమ్మా అందరూ?"

"పార్వతీపురం. ‘మంగతాయారు మెస్సు’ చూడ్డానికి. అక్కడ వారం నుంచీ టికెట్లు దొరకడం లేదంట!"

"అయ్యో, అది ఇక్కడే ఆడుతోంది కదమ్మా!"

"ఇక్కడా? ఇక్కడేదో శౌర్యదేవ్ బొమ్మన్నారే! అయినా మీ హాల్లో మాకు టికెట్టు ఎక్కడిస్తారు బాబూ?" అంది ఒకావిడ. ట్రాక్టర్లు సాగిపోయాయి.

గవర్రాజు లోపలికి వెళ్ళి, ఆ మ్యాట్నీకి ఖాళీ హాల్లో ఒక్కడే కూర్చుని మొదటిసారిగా ఆ బొమ్మ పూర్తిగా చూశాడు. పడీపడీ నవ్వాడు. తువ్వాలు తడిసేలా ఏడ్చాడు. ఆట అయ్యాక నేరుగా సైకిల్ స్టాండుకు వెళ్ళాడు.

"తప్పయిపోయింది పైడమ్మా. నీ మాట వినలేదు. ఇప్పుడేం చెయ్యమంటావు?"

పైడమ్మ కొంగు బిగించింది. "ముందు నా గదిలోంచి ఆ సోడా పెట్టెలు తీయించండి. ఆడవాళ్ళకు వేరే దారి పెట్టించండి. ఆ సునేత్రమ్మ కటౌట్ పెద్దదిగా కట్టించండి. మిగతాది నాకొదిలెయ్యండి" అంది.

మర్నాటి నుంచి పైడమ్మ రిక్షా ఎక్కి, మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగింది. మొదటి రోజు పదిమంది వచ్చారు. వాళ్ళు చెబితే యాభై మంది వచ్చారు. వాళ్ళు మొగుళ్ళనీ అత్తగార్లనీ వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు. కానీ హాలు పూర్తిగా నిండలేదు. గడువు మాత్రం నిండవచ్చింది.

పద్నాలుగో రోజు మ్యాట్నీ వేళకు సూరప్పడు గోదాం కొలతలకని టేపు పట్టుకుని వచ్చాడు. లోపలికి పోదామంటే గుమ్మంలోనే జనం. తోసుకుంటూ వెళ్ళి చూస్తే ఒక్క కుర్చీ ఖాళీ లేదు. గోడల వెంబడి కూడా నిలబడి చూస్తున్నారు. ముందు వరసలో ఆయన భార్య గున్నమ్మ కూర్చుని ఉంది.

"నువ్వేమిటే ఇక్కడ?" అన్నాడు సూరప్పడు.

"ఉష్! ఆ దుర్మార్గుడు మంగతాయారు మెస్సు కొలవడానికొచ్చాడు. ఇప్పుడు తీస్తుంది చూడండి అట్లకాడ! పక్కకు జరగండి, తెర కనబడ్డం లేదు" అంది గున్నమ్మ.

సూరప్పడు తెర వైపు చూశాడు. అక్కడ కాంట్రాక్టరు చేతిలో టేపు ఉంది. తన చేతిలోనూ టేపు ఉంది. చుట్టూ మూడు వందల మంది ఆడవాళ్ళు పళ్ళు కొరుకుతున్నారు. గబుక్కున టేపు జేబులోకి తోసేసి, గోడకు ఆనుకుని బొమ్మంతా చూశాడు. బయటికి వచ్చాక అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "యూరియాకు వేరే చోటు చూసుకుంటానులే" అన్నాడు. గవర్రాజు అక్కడే, అందరి ముందూ, పైడమ్మకు దండం పెట్టాడు.

కాబట్టి పిల్లలూ, ఎవరినైనా చేతకానివాళ్ళని అనే ముందు, వాళ్ళను చెయ్యనిచ్చామా లేదా అని మనల్ని మనం అడగాలి. చోటివ్వకుండానే సత్తా లేదని తీర్పు చెప్పడం కన్నా తెలివితక్కువతనం లేదు.