ఈల వినగానే వదిలేసినవాళ్ళూ, ఒక్క వదలనివాడూ

బెజవాడ చిట్టినగర్‌లో శామియానాలూ కుర్చీలూ అద్దెకిచ్చే కుటుంబం ఒకటుండేది. పెద్దవాడు సింగరాజు, అతని భార్య ఆదిలక్ష్మి, రెండోవాడు బంగారయ్య, ఆఖరివాడు కోటిలింగం. ఊళ్ళో మిగతావాళ్ళ సంగతేమో గానీ, తమ ఇంట్లో నాలుగు బుర్రలూ ఒక్క పూట కూడా ఖాళీగా ఉండవని ఈ నలుగురికీ గట్టి నమ్మకం. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడమేరా తెలివంటే. అందులో సొంత కవిత్వం కలిపేవాడే తెలివితక్కువ వాడు" అని సింగరాజు రోజూ ఇడ్లీ తింటూ చెప్పేవాడు. మిగతా ముగ్గురూ తలలూపుతూ తినేవాళ్ళు.

ఆ మధ్య ఒకాయన కూతురి ఓణీల ఫంక్షన్‌కి పందిరి మాట్లాడుకుని, "వచ్చినవాళ్ళలో ఒక్కరి మీద కూడా ఎండ పడకూడదు సుమా" అన్నాడు. పదకొండింటికి నీడ కాస్త పక్కకి జరిగింది. ఇంకేముంది! నలుగురూ నాలుగు గుంజలు పీకి భుజానికెత్తుకుని, నీడ ఎటు పోతే పందిరిని అటు నడిపించారు. కింద చుట్టాలు చేతుల్లో పులిహోర ప్లేట్లతో వెంట నడిచారు. సాయంత్రానికి ఫంక్షన్ పక్క వీధిలో, ఎవరో తెలియని డాక్టరు గారి గేటు ముందు ముగిసింది. ఆ పెద్దమనిషి తల పట్టుకుంటే, "ఎండ పడిందా, పడలేదా? అది చెప్పండి" అన్నాడు సింగరాజు.

ఇలాంటి ఇంట్లో పుట్టిన కోటిలింగానికి హేమలత మీద మనసు పడింది. ఆమె బళ్ళో డ్రిల్లు టీచరు. ఆటల పండగకి కుర్చీలు దించడానికి వెళ్ళినప్పుడు చూశాడు. ఆమె ఈల వేస్తే మూడొందలమంది పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నెత్తిమీద ఆరు కుర్చీలతో కోటిలింగం కూడా ఆగిపోయాడు. పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయినా కదల్లేదు. ఆఖరికి ఆమే వచ్చి, "మీరు వెళ్ళొచ్చండీ" అంది నవ్వు ఆపుకుంటూ. అంతే, ఆ రోజు నుంచి అతనికి ముద్ద దిగడం మానేసింది.

హేమలతకీ ఇష్టమే. కానీ వాళ్ళ నాన్న ఒకప్పటి కబడ్డీ ఆటగాడు. ఏ ఆటలోనూ పతకం తేని ఇంటికి పిల్లనిచ్చేది లేదని కూర్చున్నాడు. "వచ్చే ఆదివారం గ్రౌండులో కుటుంబాలకి తాడు లాగుడు పోటీ ఉందండీ. శామియానా తాళ్ళు లాగీ లాగీ మీ చేతులు ఇనుములా ఉన్నాయి. ఒక్క పతకం తెండి చాలు, నాన్న సంగతి నేను చూసుకుంటా" అంది. కోటిలింగం ఇంటికి పరిగెత్తాడు. తమ్ముడి పెళ్ళి తమ చేతుల్లో ఉందని తెలిసి ఇంటిల్లిపాదీ నడుం కట్టారు.

"ముందు ఆటలంటే ఏంటో చూసి నేర్చుకుందాం" అన్నాడు సింగరాజు. నలుగురూ కబడ్డీ మ్యాచ్‌కి వెళ్ళారు. గేటు దగ్గర కుర్రాడు టికెట్లు చింపి, "ఆట అయ్యేదాకా ఎవరి కుర్చీ వాళ్ళు వదలకూడదు" అన్నాడు. బుద్ధిగా కూర్చున్నారు. ఇంతలో ఒక ఆటగాడు గీత దాటి అవతలి జట్టులోకి చొరబడ్డాడు. గ్యాలరీ మొత్తం లేచి, "పట్టుకో! పట్టుకో!" అని గొంతు చించుకుంది.

"ఏమండీ, పాపం, ఇంతమంది బతిమాలుతున్నారు" అంది ఆదిలక్ష్మి.

"అదేనే నేనూ చూస్తున్నా. మనం పట్టుకుంటే మన సొమ్మేం పోతుంది?" అన్నాడు సింగరాజు.

"మరి కుర్చీ వదలొద్దన్నాడు కదా అన్నయ్యా?" అన్నాడు బంగారయ్య.

"వదలమని ఎవరన్నార్రా? కుర్చీతోనే వెళ్దాం."

ఇంకేముంది! నలుగురూ ప్లాస్టిక్ కుర్చీలు వెనక అంటించుకుని, వంగి వంగి నడుస్తూ బరిలోకి దిగి, ఆ ఆటగాణ్ణి నాలుగు వైపులా కుర్చీలేసి కూర్చుని పట్టేసుకున్నారు. రిఫరీ జుట్టు పీక్కున్నాడు. ఇద్దరు పోలీసులు వాళ్ళని కుర్చీలతో సహా బయట రోడ్డు మీద కూర్చోబెట్టారు. "ఏడుగురు పట్టలేనివాణ్ణి నలుగురం పట్టాం. ఆటలు మన రక్తంలోనే ఉన్నాయిరా" అని సింగరాజు దారంతా మురిసిపోయాడు.

సంగతి విని హేమలత గుండె జారింది. లాభం లేదని తనే శిక్షణకి దిగింది. మొదటి రోజు వేపచెట్టుకి తాడు కట్టి, "లాగుతూ ఉండండి" అని చెప్పి బడికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి చూస్తే ఇంకా లాగుతూనే ఉన్నారు. చెట్టు కాస్త వంగింది.

"అయ్యో, ఆపాలండీ మధ్యలో!" అంది.

"నువ్వు ఆపమన్లేదుగా అమ్మా" అంది ఆదిలక్ష్మి, చేతులకి వెన్న రాసుకుంటూ.

"సరే, ఇక నుంచి ఈల వినపడగానే చేతిలో ఏదుంటే అది వదిలెయ్యండి" అని హేమలత ఖరారు చేసింది. ఆ మాట నలుగురూ నెత్తిన పెట్టుకున్నారు. ఆ వారంలో వీధిలో పిల్లాడు ఈల వేసినప్పుడు బంగారయ్య కాఫీ గ్లాసు వదిలేశాడు. పాలవాడు ఈల వేసినప్పుడు ఆదిలక్ష్మి దోసెల పిండి గిన్నె వదిలేసింది. కొట్టు బోర్డు మేకుకి తగిలిస్తున్న సింగరాజు దాన్ని సరిగ్గా తన కాలి మీదే వదిలేశాడు. "శిక్షణ ఒంటబడుతోంది" అన్నాడు కుంటుతూ.

ఆదివారం వచ్చింది. హేమలత వాళ్ళని వరసగా నిలబెట్టి, "కాళ్ళు భూమిలో పాతేసినట్టు నిలబడాలి" అంది. మంచినీళ్ళు తేవడానికి అలా వెళ్ళి ఇలా వచ్చేసరికి సింగరాజు గడ్డపారతో నాలుగు గోతులు తవ్వేశాడు. నలుగురూ మోకాళ్ళ దాకా దిగి మట్టి కప్పేసుకున్నారు. ఇద్దరు రిఫరీలు పుస్తకం అటూ ఇటూ తిరగేశారు. గోతులు తవ్వకూడదని అందులో ఎక్కడా రాసి లేదు. అవతలి వాళ్ళు పావుగంట లాగి లాగి, చేతులు బొబ్బలెక్కి, తాడు పారేసి వెళ్ళిపోయారు. అంతే, మనవాళ్ళు ఫైనల్‌కి వచ్చేశారు. వాళ్ళని పెకలించి బయటికి తియ్యడానికి మాత్రం ఎనిమిదిమంది కావలసి వచ్చింది.

ఫైనల్లో అవతల ఐసు ఫ్యాక్టరీ పాపయ్య కుటుంబం. ఒక్కొక్కళ్ళు ఒక్కో బీరువా. ఈసారి గోతులు వద్దన్నారు. హేమలత కోటిలింగం దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది: "నాకు భయంగా ఉందండీ. మీ ఇంట్లోవాళ్ళ సంగతి నాకు తెలీదు. మీరు మాత్రం నేను వదలమనేదాకా వదలకండి." కోటిలింగం కళ్ళు ఆమె మీదే పెట్టి తాడు పట్టుకున్నాడు.

రిఫరీ జెండా ఊపాడు. లాగారు. జానెడు వచ్చింది. మూరెడు వచ్చింది. పాపయ్య పళ్ళు కొరుకుతున్నాడు, వాళ్ళావిడ జారిపోతోంది. ఇంకొక్క బెత్తెడు వస్తే పతకం వీళ్ళదే. కోటిలింగానికి పీటల మీద కూర్చున్నట్టే ఉంది.

సరిగ్గా అప్పుడు, గ్రౌండు బయట సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు ఎవరో ఆటోవాణ్ణి చూసి ఈల వేశాడు.

ఇంకేముంది! సింగరాజు వదిలేశాడు. ఆదిలక్ష్మి వదిలేసింది. బంగారయ్య వదిలేశాడు. ముగ్గురూ చేతులు దులుపుకుని, ఎంత ఠక్కున వదిలామో చూశారా అన్నట్టు హేమలత వైపు నవ్వుతూ చూశారు. కోటిలింగం ఒక్కడూ వదల్లేదు. పాపయ్య కుటుంబం వెల్లకిలా పడింది, తాడుతో పాటు కోటిలింగం గాల్లో తేలి వెళ్ళి వాళ్ళ మీద పడ్డాడు. పతకం పోయింది.

రిఫరీ పొడుగ్గా ఈల వేశాడు. కోటిలింగం వదల్లేదు. పాపయ్యకి పతకంతో పాటు తాడు కూడా బహుమతిగా ఇచ్చారు. అయినా వదల్లేదు. "బాబూ, అయిపోయింది" అన్నారు. "ఆవిడ వదలమనలేదండీ" అన్నాడు కళ్ళనీళ్ళతో. పాపయ్య విసిగిపోయి, తాడు చుట్ట తన ట్రాలీ ఆటోలో పడేసి బయల్దేరాడు. రెండో కొస పట్టుకుని కోటిలింగం వెనకే పరుగు. అతని వెనక హేమలత పరుగు. ఆమె వెనక కుటుంబమంతా పరుగు.

సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. హేమలత ఆయాసపడుతూ వచ్చి అతని అరచేతులు చూసింది. తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పతకాలు తెచ్చినవాళ్ళని ఆమె బోలెడుమందిని చూసింది, తన మాటని ఇలా పట్టుకున్నవాణ్ణి చూడలేదు.

"తాడు వదిలెయ్యండి" అంది. "నన్ను మాత్రం వదలకండి."

అంతే, కోటిలింగం తాడు వదిలి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సిగ్నల్ నుంచి బస్సెక్కినా వదల్లేదు. వాళ్ళ ఇంటి గుమ్మంలో ఆమె నాన్న ఉరిమి చూసినా వదల్లేదు. "ఆవిడ వదలొద్దందండీ" అన్నాడు. పెద్దాయన పట్టు విడిపించబోయాడు. ముప్పై ఏళ్ళ కబడ్డీ అనుభవమంతా పెట్టినా ఒక్క వేలు కూడా లేవలేదు. ఆఖరికి చెమట తుడుచుకుని, "ఇలాంటి పట్టు నా జన్మలో చూడలేదు. పతకం ఎవడిక్కావాలి, పంతులుగార్ని పిలవండి" అన్నాడు. చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళని తిరుగుతారని, దగ్గర్లో ఉన్న ముహూర్తమే ఖాయం చేశారు.

పెళ్ళి పందిరి బాధ్యత సింగరాజుదే. "పెళ్ళికూతురి మీద ఎండ పడకుండా చూడండి బాబూ" అన్నాడు మామగారు. ఇంకేముంది! సింగరాజు, ఆదిలక్ష్మి, బంగారయ్య, నాలుగో గుంజకి మొహమాటపడి వచ్చిన పాపయ్య, నలుగురూ గుంజలు భుజానికెత్తుకుని నీడతో పాటు జరుగుతూ నిలబడ్డారు. బాజాలు మోగాయి. కోటిలింగం తాళి ఒంటిచేత్తోనే ఎత్తాడు, రెండో చెయ్యి ఖాళీ లేదు మరి. ముళ్ళు వెయ్యడానికి పంతులుగారు సాయం పట్టారు. మూడో ముడి పడింది. కూతురి పెళ్ళి కళ్ళారా చూసిన ఆనందంలో మామగారు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని గట్టిగా ఈల వేశాడు.

పందిరి మొత్తం మూడొందలమంది మీద కూలింది. గుడ్డ కింద నుంచి హాహాకారాలు, అక్షింతలు, పంతులుగారి దగ్గు. వాటి మధ్య ఎక్కడో కోటిలింగం గొంతు వినపడింది: "నేను వదల్లేదండీ!"

బయట సింగరాజు చేతులు దులుపుకున్నాడు. "చూశావా, పాపయ్యా? మేం ముగ్గురం ఒక్కసారే వదిలాం. నువ్వే కాస్త ఆలస్యం చేశావు. అందుకే పందిరి వంకరగా పడింది."